పర్యాటక శాఖ మంత్రి గారికి, సముద్రం పక్కన బకెట్ మంచినీళ్లు దొరకని ప్రొద్దుటూరు కుటుంబం నుంచి

రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

రిసార్టు గదిలోని ఉప్పునీళ్ల గురించి నేను పెట్టిన అర్జీ ఎవరికీ అందలేదని అనుకోవడానికి వీల్లేదు. అందింది. ఎవరో చూశారు, మూసేశారు. "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని ఫోనుకు సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో చెప్పమని రాస్తే దానికీ అదే సందేశం. ఇక నలుగురూ చదివేలా రాయడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

సంక్రాంతి సెలవుల్లో మా అమ్మను, భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకుని నెల్లూరు వైపు తీరంలోని ఒక రిసార్టులో దిగాము. పేరు ఇక్కడ రాయను, అర్జీలో ఉంది. మా ఊరి పక్కన పారే పెన్న సముద్రంలో కలిసే చోటు చూడాలన్నది అమ్మ కోరిక. గది అద్దె రోజుకు 4,200 రూపాయలు. గది ఇరుకు, ఏసీ మోత, పప్పులో ఉప్పెక్కువ. వీటి గురించి నేను ఒక్క మాట కూడా అనడం లేదు. బట్టల దుకాణంలో లెక్కలు రాసేవాణ్ణి, ధరను బట్టే సరుకని నాకు ఒకరు చెప్పనక్కర లేదు. నా గోడు మొత్తం నీళ్ల గురించే.

స్నానాల గదిలో కుళాయి తిప్పితే వచ్చినవి ఉప్పునీళ్లు. అమ్మ సబ్బు ఎంత రుద్దినా నురుగు రాలేదు, తెల్లటి జిడ్డు మాత్రం చేతులకు అంటుకుంది. తలంటుకుంటే జుట్టు అట్టకట్టింది, దువ్వెన దిగలేదు. కుళాయి మూతి చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. అంటే ఇది ఆ రోజు వచ్చిన ఇబ్బంది కాదు, ఏళ్ల నాటి వ్యవహారం. గదిలో ఇచ్చిన కెటిల్‌లో టీ పెడితే పాలు విరిగాయి. మా చిన్నవాడు పుక్కిలించి ఉమ్మి, "సముద్రం గదిలోకే వచ్చింది నాన్నా!" అని గంతులు వేశాడు. వాడొక్కడికే ఆ గది నచ్చింది.

కిందికి వెళ్లి అడిగితే, "సముద్రం పక్కన ఇంతే సార్" అన్నాడు కౌంటరులోని అబ్బాయి. ఏ ఊరని అడిగి, చెప్పాక ఇంకో మాట కూడా అన్నాడు: "కడప వైపు వాళ్లకు నీళ్ల కష్టం అలవాటే కదా!" అలవాటే, కాదనను. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి పెరిగినవాళ్లం. అందుకే ఏ నీళ్లు ఎలాంటివో నాలుక మీద పడగానే చెప్పగలం.

మేము మాట్లాడుతుండగానే ట్యాంకరు వచ్చింది. మంచినీళ్లే. గదుల వైపు రాలేదు, తిన్నగా ఈత కొలను దగ్గర ఆగింది. సాయంత్రం అందులో ఆడి వచ్చిన మా అమ్మాయి "ఈ నీళ్లు ఉప్పగా లేవు నానమ్మా" అని చెప్పింది. అమ్మ వెంటనే, "పోయి ఒక బకెట్ ముంచుకుని రా అబ్బీ" అంది. వెళ్లాను. ఈత దుస్తులు లేనివారిని కొలను దగ్గరికి రానివ్వరట, బకెట్లకైతే అసలే అనుమతి లేదట. కాపలా మనిషి తన పని తాను చేశాడు, ఆయన మీద నాకు కోపం లేదు. కానీ మంత్రి గారూ, ఈదడానికి మంచినీళ్లు, ముసలావిడ స్నానానికి ఉప్పునీళ్లు అనే ఏర్పాటు ఏ పర్యాటక విధానంలో ఉందో సెలవివ్వండి.

తాగే నీళ్ల సంగతి వేరే. లీటరు సీసా 40 రూపాయలు. హోటళ్లు ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది కాబట్టి నోరు మూసుకుని కొన్నాము. గది అద్దె మీద జీఎస్‌టీని 2025 సెప్టెంబరులో 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. సంతోషం. ఈలోగా అద్దె పెరిగి ఆ సంతోషాన్ని మింగేసింది.

మర్నాడు ఒడ్డున నడుస్తుంటే మత్స్యకారుల ఆడవాళ్లు ఇసుకలో చిన్న గుంట తీసి నీళ్లు తోడుకుంటున్నారు. మా పెన్నలో చెలమలు తీసినట్టే. అమ్మ అడిగితే ఒక చెంబు ఇచ్చారు. తియ్యటి నీళ్లు! తీరంలో వాన నీరు తేలిక కాబట్టి ఇసుకలో పైపొరగా నిలుస్తుంది, ఉప్పునీరు దాని అడుగున ఉంటుంది. లోతుగా బోరు దించి రాత్రింబవళ్లు తోడితే అడుగుది పైకొస్తుంది. రిసార్టు చేస్తున్నది అదే. రేపు ఆ ఆడవాళ్ల గుంటలో కూడా ఉప్పు ఊరితే ఎవరికి అర్జీ పెట్టుకోవాలి? వారికి కూడా "పరిష్కరించబడినది" అనే సందేశమే పంపిస్తారా?

2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. పెట్టుబడిదారులకు రాయితీలు ఇస్తున్నారు. ఇవ్వండి. వెయ్యి కిలోమీటర్లు దాటిన తీరం ఉందని చెప్పుకుంటున్నారు. చెప్పుకోండి. కానీ రాయితీ ఇచ్చే ముందు ఒక్కసారి కుళాయి తిప్పి చూడమని మీ అధికారులకు చెప్పండి. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని, వేరే నీటి వనరు లేకుంటే 2,000 వరకు ఫరవాలేదని ప్రమాణం ఉంది. దాన్ని కొలిచే పరికరం మా వీధిలోని నీళ్ల ప్లాంటు కుర్రాడి జేబులో కూడా ఉంటుంది. గదుల్లో వచ్చే నీటికి ఆ అంకె ఎంతో అద్దె పట్టిక పక్కనే రాసి పెట్టించలేరా? డబ్బు కట్టక ముందే తెలిస్తే మాలాంటివాళ్లు అమ్మలను తీసుకుని వేరే చోటుకు వెళతారు.

నాకు డబ్బు వాపసు అక్కరలేదు. అర్జీ మళ్లీ తెరవండి. ఎవరినైనా పంపి ఆ కుళాయి చూడమనండి. చూశాక ఏమి చేశారో తెలుగులో, ఒక మనిషి సంతకంతో జవాబు ఇప్పించండి. రసీదులు, ఫోటోలు అర్జీకి జతచేశాను. అవి కూడా పరిష్కరించబడి ఉంటే చెప్పండి, మళ్లీ పంపుతాను.

ఇట్లు,
ప్రొద్దుటూరు నుంచి ఒక గుమస్తా