‘వింత పక్షి’ అని రాసే ముందు పేరు కనుక్కోండి

సంపాదకులకు నమస్కారం.

వానలు వెనుకపట్టి చలిగాలి మొదలయ్యే రోజుల్లో మన దినపత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త తరచూ కనిపిస్తుంది. ఎవరి పెరట్లోనో రంగురంగుల పిట్ట ఒకటి ఎగరలేక వాలుతుంది, ఇంటివాళ్లు పట్టుకుంటారు, వీధి వీధంతా చూడడానికి వస్తుంది, మరునాడు ‘వింత పక్షి’ అనో ‘విదేశీ అతిథి’ అనో ఫొటో అచ్చవుతుంది. ఆ పిట్ట పేరు మాత్రం వార్తలో ఎక్కడా ఉండదు. అంతమంది పాఠకులకు ఒక పక్షిని పరిచయం చేసే అవకాశం ఊరికే పోతోందన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

ఆ ఫొటోల్లో నేను ఎక్కువగా చూసింది పొలంకి పిట్టను. కొందరు పొన్నంగి పిట్ట అని కూడా అంటారు. అది విదేశీ పక్షి కాదు. వానాకాలంలో హిమాలయ పాదప్రాంతాల్లోనూ మధ్య భారతపు అడవుల్లోనూ గూళ్లు కట్టి పిల్లలను సాకి, శీతాకాలానికి దక్షిణాదికి, శ్రీలంకకు వలస వస్తుంది. ప్రయాణం రాత్రివేళ సాగుతుంది కాబట్టి అలసిపోయిన పిట్టలు తెల్లవారేసరికి పట్టణాల నడుమ ఉన్న పెరళ్లలో సైతం దిగిపోతాయి. పిగిలిపిట్టంత ఒళ్లు, మొండితోక, కాటుక దిద్దినట్టు కంటి మీదుగా మెడ దాకా సాగే వెడల్పాటి నల్లచార, ఆకుపచ్చ వీపు, రెక్క మీద మెరిసే నీలం, తోక అడుగున ఎరుపు ఉన్న ఈ పిట్టను ఒక్కసారి నిదానంగా చూసినవారు మళ్లీ మరచిపోరు. కొమ్మల మీద కంటే నేల మీదే ఎక్కువగా గెంతుతూ, రాలిన ఆకులను ముక్కుతో తిరగేసి పురుగులను ఏరుకుంటుంది. అలసి పడిన పిట్టను గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, పిల్లులకూ కాకులకూ అందని చీకటి చోట ఉంచి, బలవంతంగా నోట్లో నీళ్లు పోయకుండా, తేరుకున్నాక కాకులు గూళ్లకు చేరే సాయంత్రం వేళ చెట్ల మధ్య వదిలేయాలి; దెబ్బ తగిలి ఉంటే అటవీ శాఖకు కబురు చేయాలి. పంజరంలో పెట్టి పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమన్న సంగతి కూడా ఆ వార్తల్లో ఒక్క వాక్యంగానైనా రావాలి.

తెలియని పిట్ట కనిపిస్తే అందరం ముందుగా రంగు చూస్తాం. అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది ఆ రంగే. మందార పూల చుట్టూ తిరిగే ఊదా తేనెపిట్ట మగది నీడలో నల్లగా ఉండి, ఎండ తగలగానే నీలంగా, ఊదాగా మెరుస్తుంది. జతకట్టే కాలం గడిచాక అదే మగది ఆడదానిలా పసుపు పొట్టతో, గొంతు నుంచి కిందికి దిగే ఒక నల్లగీతతో కనిపిస్తే మరో జాతి పిట్ట వచ్చిందనుకుంటాం. గోధుమరంగు ఒంటి మీద తెల్లని చుక్కలూ చారలూ ఉన్న ఆడకోకిలను చూసి డేగ అనుకునేవారు ఎంతోమంది. అందుకే పిచ్చుకంత ఉందా, గోరింకంత ఉందా, కాకంత ఉందా అన్నది ముందు గమనించి, తర్వాత ముక్కు తీరు, తోక పొడవు, నడకా గెంతా అన్నవి చూడాలి. తీగ మీద నుంచి ఎగిరి గాలిలోనే పురుగును పట్టి మళ్లీ అక్కడికే వచ్చి వాలుతోందంటే, రంగు సరిగా తెలియకపోయినా ఏట్రింతనో (డ్రోంగో) పసిరిక పిట్టనో (బీ-ఈటర్) తలచుకోవచ్చు. ఫొటోను బట్టి, కూతను బట్టి పేరు సూచించే మెర్లిన్ యాప్ ఉచితంగానే దొరుకుతోంది గానీ, అది చెప్పినదాన్ని ఈ గుర్తులతో సరిచూసుకోకుండా ఒప్పుకోకూడదు.

పేరు తెలియనప్పుడు భయం పుడుతుంది. 2017లో విశాఖపట్నంలో ఇంకా కడుతున్న భవనంలో కనిపించిన తెల్ల గుడ్లగూబ పిల్లల వీడియో ‘గ్రహాంతర జీవులు’ అంటూ దేశమంతా తిరిగింది. అవి ఈకలు ఇంకా పూర్తిగా రాక, మనుషులను చూసి బెదిరి నిటారుగా నిలబడ్డ పసికూనలు. ఎలుకలను తిని రైతుకు మేలు చేసే ఆ పక్షిని చావుపిట్ట అని తరిమికొట్టే ఊళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి చోట ‘వింత’ అన్న శీర్షిక ఎంత చేటు చేస్తుందో ఆలోచించండి.

కనుక పాఠకులు పంపే పక్షి ఫొటోలను అచ్చు వేసే ముందు అటవీ అధికారులనో, జంతుశాస్త్ర అధ్యాపకులనో, అనుభవం ఉన్న పక్షి పరిశీలకులనో అడిగి, తెలుగు పేరు, అది కనిపించే కాలం, తినే తిండి రెండు మూడు వాక్యాల్లో ఇవ్వాలని మనవి. ఆదివారం సంచికలో వారానికొక పెరటి పక్షికి కాస్త చోటు ఇస్తే మరీ సంతోషం. ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులపాటు జరిగే పెరటి పక్షుల లెక్కింపులో 2013 నుంచి మన దేశం కూడా పాలుపంచుకుంటోంది. కనీసం 15 నిమిషాలు ఒకచోట కూర్చుని, చూసిన పక్షులను పక్షి పరిశీలకుల వెబ్‌సైటు ఈబర్డ్‌లో నమోదు చేస్తే చాలు. ఆ తేదీలను మీ పత్రిక రెండు వారాల ముందే ప్రకటిస్తే, ఉపాధ్యాయులు బడి ఆవరణలోనే పిల్లలతో ఆ పని చేయించడానికి వ్యవధి దొరుకుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం