వార్షిక నివేదిక 2025: స్టేషన్ పనులు, మన కాలనీ

సభ్యులకు నమస్కారం. ఈ ఏడాది సంఘం పనుల్లో ఎక్కువ భాగం సికింద్రాబాద్ స్టేషన్ చుట్టూనే తిరిగింది. బోయిగూడ వైపు, పదో నంబరు ప్లాట్‌ఫారానికి నడిచిపోయే దూరంలో ఉంటున్నాం కాబట్టి తప్పేది కాదు.

2023 ఏప్రిల్‌లో ప్రధాని శంకుస్థాపన చేసిన, దాదాపు 700 కోట్ల పునర్నిర్మాణం ఈ ఏడాదే మన కళ్లకు కనబడింది. ఒకటో నంబరు వైపు పాత భవనం నేలమట్టమైంది. పట్టాల పైన స్కై కాన్‌కోర్స్ (ప్రయాణికులు కూర్చునే పెద్ద హాలు) కట్టడానికి కొన్ని ప్లాట్‌ఫారాలు మూసి, చాలా రైళ్లను చర్లపల్లిలోని కొత్త టెర్మినల్‌కు మార్చారు. జనవరి 6న ఆ టెర్మినల్ ప్రారంభం కాకపోతే ఇక్కడ పలుగు పడేదే కాదేమో.

చిక్కంతా మన అలవాటుతోనే. నాంపల్లిలో బయల్దేరి సికింద్రాబాద్ మీదుగా పోయే చెన్నై ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు చర్లపల్లి నుంచే వెళ్తోంది. గోరఖ్‌పూర్ రైలూ అంతే. మన సభ్యులొకరు టికెట్ చూసుకోకుండా, ఏళ్ల అలవాటు కొద్దీ సామానుతో సికింద్రాబాద్‌లోనే నిలబడ్డారు. ఆటోలో చర్లపల్లి చేరేసరికి రైలు వెళ్లిపోయింది. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. నవ్వకండి, కార్యదర్శి ఇంట్లోనూ ఇలాంటిదే తృటిలో తప్పింది.

ఆ తర్వాతే గేటు దగ్గర నల్లబల్ల పెట్టాం: రైలు నంబరు, పేరు, ఏ స్టేషన్ నుంచి. మార్పు తెలిసినప్పుడల్లా చెరిపి రాసే బాధ్యత డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు తీసుకున్నారు. ఈ ఏడాది పనులన్నిట్లో నలుగురికీ అక్కరకొచ్చింది ఇదే. అయినా బయల్దేరే ముందు 139కి ఫోన్ చేసి కనుక్కోండి.

చర్లపల్లికి మెట్రో లేదు. ఘట్‌కేసర్, లింగంపల్లి మధ్య తిరిగే ఎంఎంటీఎస్ లోకల్ రైలు అటుగానే పోతుంది గానీ మౌలాలి దగ్గర సనత్‌నగర్ దారి పడుతుంది, మనవైపు రాదు. అందుకే తెల్లవారుజాము రైళ్లున్న పెద్దవాళ్లను ఆటోలున్న ఇద్దరు సభ్యులు ముందే మాట్లాడుకున్న రేటుకు దింపి వస్తున్నారు.

సంక్రాంతి ముగ్గులు, బోనాలు, కంటి పరీక్షల శిబిరం ఎప్పట్లాగే జరిగాయి. లెక్కలు కోశాధికారి సభలో చదువుతారు.

ఇక వినతిపత్రం. కొత్త స్టేషన్‌లో జనం పైన కూర్చుని, రైలొచ్చే వేళకు ప్లాట్‌ఫారం మీదికి దిగాలట. కింద తోపులాట తగ్గుతుంది, మంచిదే. మరి లిఫ్టు ఆగిన రోజు మోకాళ్ల నొప్పులవాళ్ల సంగతేమిటి? బోయిగూడ వైపు కూడా లిఫ్టులు, చక్రాల కుర్చీలు సరిపడా ఉండాలని రాశాం. కాగితం సభలో బల్ల మీద ఉంటుంది. చదివాకే సంతకం పెట్టండి.

కార్యదర్శి