అరచేతిలో పట్టే సర్వర్

ఎడిటర్ గారికి,

మా అమ్మ ఫోన్లో పంచాంగం యాప్ తెరిస్తే తిథి కంటే ముందు లోన్ ప్రకటన వచ్చేది. విసుగొచ్చి రాస్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్ కొని, అందులో ప్రకటనలను ఆపే పై-హోల్ సాఫ్ట్‌వేర్ వేసి, రూటర్‌లో డీఎన్ఎస్ (సైట్ల పేర్లకు అడ్రసులు చెప్పేది) దగ్గర దాని ఐపీ అడ్రసు ఇచ్చాను, ఇక వైఫైలో ఉన్న ఫోన్లకు చాలా ప్రకటనల సర్వర్ల అడ్రసే దొరకదు. యూట్యూబ్‌వి మాత్రం ఆగవు, వీడియో వచ్చే చోటు నుంచే అవీ వస్తాయి కాబట్టి. దానికే ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్) తగిలించి, ఇంట్లోని పరికరాలకు ఫైళ్లు పంచే సాంబా సాఫ్ట్‌వేర్ పెట్టాక చెల్లి పెళ్లి ఫొటోలు టీవీలోనూ చూస్తున్నాం. రోజంతా 5 వాట్లు తీసుకుంటుందనుకున్నా నెలకు 3.6 యూనిట్లే! కరెంటు పోయి ఒకసారి మెమరీ కార్డు పాడైంది, అప్పట్నుంచి ఇన్వర్టర్ లైను మీదే ఉంచుతున్నా. మీ టెక్ పేజీలో ఎప్పుడూ కొత్త ఫోన్ల ధరలేనా, ఇలాంటివీ వేయండి సార్.

- ఒక పాఠకుడు, హనుమకొండ