పటం కింద సంవత్సరం వేయండి

సంపాదకులకు నమస్కారం.

భద్రాచలం పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, గుండాల, పిచుకలపాడు పంచాయతీలను ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణకు తిరిగి ఇవ్వాలన్న డిమాండుపై మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. కథనంతో నాకు పేచీ లేదు. పక్కనే అచ్చువేసిన ‘పాత పటం’తోనే పేచీ. అది ఏ సంవత్సరానిదో, ఎవరు గీయించినదో ఎక్కడా లేదు. భద్రాచలం విషయంలో తేదీ లేని పటం చేతికిస్తే ఎవరికి కావలసింది వారు రుజువు చేసుకోవచ్చు.

1860కి ముందు పటం తీస్తే భద్రాచలం నిజాం రాజ్యంలో ఉంటుంది. ఆ ఏడాది డిసెంబరులో కుదిరిన ఒప్పందంతో గోదావరి ఎడమ గట్టు తాలూకాలు ఆంగ్లేయులకు దక్కాయి. బదులుగా రాయచూరు, ధారాశివ్ నిజాంకు తిరిగి వచ్చాయి, నిజాం కట్టవలసిన యాభై లక్షల రూపాయల బాకీ రద్దయింది. ఆంగ్లేయులకు ఎడమ గట్టు మీద అంత మోజు ఎందుకంటే, మధ్య భారతం పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి దించాలన్న ఆశ. ఆ ఆశతో కట్టినదే దుమ్ముగూడెం ఆనకట్ట. జలమార్గం పనులు 1871లో ఆపేశారు. పడవల కోసం గీసిన సరిహద్దును మాత్రం ఎవరూ చెరపలేదు.

1865 నాటి పటం తీయండి. భద్రాచలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో, సిరొంచ కేంద్రంగా, నాగపూర్ పాలన కింద కనిపిస్తుంది. పాత పటమే ప్రమాణమని వాదించేవారు ఇక నాగపూర్‌లోనూ ఒక అర్జీ పెట్టుకోవాలి! 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. కాగితం మీద ఇది ఒక ఉత్తర్వు మాత్రమే. రేకపల్లి కొండల్లో పోడు చేసుకునే వారికి మాత్రం అది పన్ను రూపంలో తెలిసింది. అంతకుముందు గొడ్డలికి నాలుగు అణాలు కట్టి, అడవిలో దాదాపు ఎక్కడైనా పోడు కొట్టుకునేవారు. మద్రాసు ప్రభుత్వం ఆ పన్నును ఇంచుమించు మూడు రెట్లు చేసి, కొన్ని అడవుల్లో అడుగే పెట్టనివ్వలేదు. 1879లో రంప తిరుగుబాటు రేకపల్లికి పాకడానికి ఇదొక కారణం. సరిహద్దు జరిగితే ఎవరి మీద పడుతుందో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ నాకు అక్కర్లేదు. ఈ సంగతి ఏ పటంలోనూ ఉండదు, మన పాఠ్యపుస్తకాల్లోనూ నాకు కనిపించలేదు.

ఆ తరువాతి కథ చాలామందికి తెలిసినదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు. 2014లో పోలవరం ముంపు పేరుతో పట్టణం తెలంగాణలో మిగిలి, చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. రాముడి గుడి ఒక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలోని గుడి భూములు మరో రాష్ట్రంలో.

ఇక్కడే పటాల వాదం తన్నుకుంటుంది. 1956లో విలీనానికి ముందు ఆంధ్ర, హైదరాబాద్ రాష్ట్రాల మధ్య ఉన్న సరిహద్దును ప్రమాణంగా తీసుకుంటే ఎడమ గట్టున ఉన్న ఈ ఐదు పంచాయతీలు ఆంధ్రావే. అదే సరిహద్దు ప్రకారం, నదికి కుడి గట్టున ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు హైదరాబాద్ రాష్ట్రంలోనివి. అయినా 2014లో అవి కూడా ఆంధ్రప్రదేశ్‌కే వెళ్లాయి. అంటే రెండు వైపుల వారూ తమకు అనుకూలించే చోట 1956 పటాన్ని విప్పుతున్నారు, అనుకూలించని చోట చుట్టి అటక మీద పెడుతున్నారు.

నా అభిప్రాయం చెబుతాను. పంచాయతీల విషయం పటాలతో తేల్చేది కాదు. వరద వచ్చినప్పుడు ఆ ఊళ్ల వారు ఎటు పరుగెత్తుతారు, ఆసుపత్రికి ఏ దారిన వెళతారు, గిరిజన హక్కుల పత్రాలు ఏ కార్యాలయంలో చెల్లుతాయి, గ్రామసభల్లో వారు ఏమంటారు అన్నవే ప్రశ్నలు. కానీ వాదంలోకి పటాలను లాగాక, వాటినైనా నిజాయితీగా చూపాలి కదా.

అందుకే రెండు విన్నపాలు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు తమ పురాభిలేఖాగారాల్లో ఈ ప్రాంతానికి సంబంధించి ఉన్న నిజాం, సెంట్రల్ ప్రావిన్సెస్, మద్రాసు కాలాల పటాలను ఏడాది వరుసలో ఇంటర్నెట్లో ఉచితంగా అందుబాటులో పెట్టాలి. ఇందులో ఖర్చు కంటే పట్టుదలే ఎక్కువ కావాలి. రెండోది మీకు: ఇకపై పాత పటం ఏదైనా అచ్చువేస్తే దాని కింద సంవత్సరం, గీయించిన ప్రభుత్వం పేరు తప్పక వేయండి. వీలైతే 1865 పటం, 1956 పటం, 2014 పటం ఒకే పేజీలో పక్కపక్కన వేయండి. ఆదివారం సంచికలో అరపేజీ చాలు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, కొత్తగూడెం