కాఫీ వేలం రైతుకు దండగ కాదు

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో కాఫీ వేలంపాటల మీద వచ్చిన వ్యాసం చదివి చాలా రోజులైంది. ఎవరో ఒకరు జవాబు రాస్తారని ఎదురుచూశాను, ఎవరూ రాయలేదు. 2025లో పనామా దేశపు పోటీలో గెలిచిన కాఫీలకు పెట్టిన వేలంలో ఒక కాఫీ కిలో 30,204 డాలర్లు పలికిందని పెద్ద అక్షరాల్లో వేశారు. చివర్లో మీ వ్యాసకర్త ఇదంతా కోటీశ్వరుల సరదా అని, పండించేవాడికి ఒరిగేదేమీ లేదని రెండు వాక్యాల్లో తేల్చేశారు. బెంగళూరులో కాఫీ కొనుగోలు వ్యాపారంలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ రెండు వాక్యాలు నాకు మింగుడుపడలేదు.

ఆ ధర పలికిన ఎస్మెరాల్డా తోట కథ మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. అక్కడి గేషా చెట్లు ఇథియోపియా మూలాలున్న రకం. ఆ పంట మిగతా పంటతో కలిసిపోయి ఏళ్ల తరబడి ఒకే బస్తాలోకి వెళ్లింది. పనామా కాఫీ పోటీకి పంపాలి కాబట్టి ఏ చెలక పంటను ఆ చెలకదిగా విడదీసి కప్పింగ్ చేశారు, అంటే కాచి రుచి చూసి మార్కులేశారు. అప్పుడు గాని వాళ్ల చేతిలో ఏముందో వాళ్లకే తెలియలేదు. 2004లో పోటీ గెలిచి, వేలంలో పౌను (సుమారు 450 గ్రాములు) 21 డాలర్లు పలికింది. ఆ రోజుల్లో న్యూయార్క్ మార్కెట్లో మామూలు అరబికా రకం కాఫీకి పౌనుకు ఒక డాలరు కూడా దొరకడం గగనంగా ఉండేది. ఆ తర్వాత చుట్టుపక్కల తోటలవాళ్లూ ఆ రకం నాటుకున్నారు. పోటీ లేకపోతే ఆ గింజలు ఇవాళ్టికీ ఏదో బస్తాలో కలిసిపోయే ఉండేవి.

విడదీసి చూడటం అనే ఈ ఒక్క పని విలువ మన వాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. 1942 కాఫీ చట్టం కింద పండించిన పంటంతా కాఫీ బోర్డు పూల్‌కి, అంటే అందరి పంటా కలిపి అమ్మే ఉమ్మడి నిల్వకి, అప్పగించాల్సి వచ్చేది. డబ్బు విడతలు విడతలుగా చేతికందేది. పండిన పళ్లే ఏరి కోసి, శ్రద్ధగా పులియబెట్టి, యార్డులో ఆరబెట్టినవాడి కాఫీ కూడా మిగతావాళ్ల కాఫీలోనే కలిసిపోయేది. తొంభైల్లో ఆ పద్ధతి పోయింది. అలవాటు మాత్రం పోలేదు. ఇప్పటికీ చాలాచోట్ల పార్చ్‌మెంట్‌కి (గుజ్జు తీసి పలుచని పొట్టుతో ఆరబెట్టిన గింజకి) అవుట్‌టర్న్ (పొట్టు తీశాక ఎంత గింజ మిగులుతుందో) చూసి, తేమ చూసి, గింజ సైజు చూసి ధర కడతారు. కప్పులో రుచి ఎలా ఉందో చూసి ధర కట్టేవాళ్లు ఎంతమంది? రుచికి ధర లేనప్పుడు రైతు పచ్చికాయా పండుకాయా కలిపి దూసెయ్యడా? కూలి ఖర్చయినా మిగులుతుందని దూసేస్తాడు. నేను ఆ బల్లకు కొనేవైపు కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను, తప్పు రైతుది కాదు.

పోటీ ఈ లెక్కను మారుస్తుంది. 1999లో బ్రెజిల్‌లో మొదలైన కప్ ఆఫ్ ఎక్సలెన్స్‌నే తీసుకోండి. శాంపిల్‌కి కోడ్ నంబరు తప్ప పేరుండదు. ఎస్టేటు పెద్దదా చిన్నదా, యజమాని ఎవరి బంధువు అన్నది కప్పింగ్ చేసేవాడికి తెలియదు. ముందు ఆ దేశంవాళ్లు, తర్వాత బయటిదేశాలవాళ్లు, దఫదఫాలుగా రుచి చూసి వందకి మార్కులేస్తారు. గెలిచిన లాట్లను (విడిగా ఉంచిన పంటలను) ఇంటర్నెట్‌లో వేలం వేస్తారు. వేలం డబ్బులో సింహభాగం రైతుకే. టోక్యోలోనో సియోల్‌లోనో ఉన్న రోస్టరు (కాఫీ గింజలు వేయించి అమ్మేవాడు) ఆ రైతు పేరు, ఊరు, ఆ కొండ ఎత్తు చదివి కొంటాడు. మరుసటి ఏడు వేలంతో పని లేకుండా నేరుగా ఉత్తరం రాస్తాడు. గెలవని రైతుకు కూడా మార్కులు చేతికొస్తాయి. పులియబెట్టడం ఎక్కువైందా, ఆరబెట్టడం తప్పిందా అన్నది తెలుస్తుంది. కిలోకి ఎంత పలికిందన్న వార్త కంటే నాకు ఇదే పెద్ద విషయం.

అరకు సంగతి మన పత్రికకు ఎలా గుర్తురాలేదో అర్థం కాదు. ఎకరమో రెండెకరాలో ఉన్న గిరిజన రైతులు ఒకప్పుడు సంతలో దళారి చెప్పిన ధరకే పోసి వచ్చేవారు. అక్కడ ఏటేటా బయటి నిపుణులను పిలిచి రైతుల కాఫీకి పోటీలు పెట్టారు. 2018లో పారిస్‌లో అరకు కాఫీకి బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవాళ బెంగళూరు ఇందిరానగర్‌లో తెలుగు పిల్లలు అరకు పేరు చెప్పి కాఫీ తాగుతున్నారు. ఇందులో కోటీశ్వరుల సరదా ఎక్కడుంది?

అలాగని అంతా బాగుందని నేననను. వేలంలో పెద్ద ధర పలికేది కొద్ది బస్తాలకే, మిగతా పంట మామూలు ధరకే పోతుంది. చిన్న రైతుకు లాటు విడిగా ఆరబెట్టే యార్డు ఉండదు, నిల్వకు గది ఉండదు. ఆ ఏర్పాట్లు చేయాల్సింది ప్రభుత్వాలు. 2023 సెప్టెంబరులో ప్రపంచ కాఫీ సమావేశం మన బెంగళూరులోనే జరిగింది, గర్వపడ్డాను. కానీ నేను వెళ్లిన కాఫీ సభల్లో ఎన్నిటిలో చూశానో: ముఖ్య అతిథి గంట ఆలస్యం, శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. గెలిచిన రైతు చివరి వరసలో కూర్చుని సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతాడు. అతని కాఫీ ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు అని అడిగే నాథుడు లేడు. కాఫీ బోర్డు 2002లో మొదలుపెట్టిన ఫ్లేవర్ ఆఫ్ ఇండియా – ఫైన్ కప్ అవార్డు లాంటివి దేశానికి అవసరం. కాని పతకం వేరు, ధర వేరు. ఏ పోటీ అయినా ఫలితాలు చెప్పిన నెలలోపే ఆ లాట్లకు బహిరంగ వేలం జరగాలి, పలికిన ధర అందరికీ తెలియాలి. ఎకరం రైతులు పదిమంది కలిసి ఒకే లాటుగా పోటీకి వచ్చే వీలుండాలి. శాంపిల్‌కి వాళ్ల దగ్గర ఫీజు తీసుకోకూడదు.

తాగేవాళ్లం కూడా ఏమంత మేలు చేస్తున్నాం? మన పేటల్లో పొడి కొట్లో ఇది ఎక్కడి కాఫీ అనడిగితే ప్రీమియం అంటాడు, లేకపోతే చికోరీ ఎంత కలపమంటారు అంటాడు. ప్యాకెట్ మీద చికోరీ శాతం వేయాలని నియమం ఉంది కనుక వేస్తారు. కాఫీ ఏ ఊరిదో, ఏ రకమో ఆ కొట్లలో ఎవరూ వేయరు. అడిగేవాళ్లు లేరు కనుక వేయరు.

మీకూ ఒక విన్నపం. రోజూ బంగారం, వెండి ధరలు వేస్తున్నారు. వాటి పక్కనే అరబికా పార్చ్‌మెంట్, అరబికా చెర్రీ (పండుతోనే ఎండబెట్టినది), రోబస్టా (మరో కాఫీ రకం) 50 కిలోల బస్తా ధరలు కూడా వేయండి. పోటీలు జరిగినప్పుడు గెలిచిన రైతు పేరు, ఊరు వేయండి. ముఖ్య అతిథి ఫొటోకి ఇచ్చే జాగా ఆ రైతుకివ్వండి.

– ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు