మన బడి పనుల జమా ఖర్చులు – స్లాబు సంగతితో సహా

గ్రామ పెద్దలకు, చందా ఇచ్చిన ప్రతి ఇంటికి, దుబాయ్, మస్కట్, దోహాల్లో ఉన్న మనవాళ్లకు, హైదరాబాద్‌లో స్థిరపడ్డ పూర్వ విద్యార్థులకు నమస్కారం.

మన మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల పనుల కోసం 2025 ఏప్రిల్ నుంచి డిసెంబరు ఆఖరు వరకు వచ్చిన డబ్బు, ఖర్చయిన డబ్బు కింద రాస్తున్నాం. పిల్లలు దసరా సెలవుల తర్వాతే కొత్త గదుల్లో కూర్చున్నారు కదా, లెక్క చెప్పడానికి సంక్రాంతి దాకా ఎందుకు ఆగారని చాలామంది అడిగారు. సెప్టెంబరు ఆఖరు నుంచే ఊళ్లో స్థానిక ఎన్నికల మాట మొదలైంది. కమిటీలో ఇద్దరి ఇళ్ల నుంచి వార్డులకు నిలబడ్డారు. అప్పుడు లెక్క గోడకు అంటిస్తే బడి చూపించి ఓట్లడుగుతున్నారనేవారు. అంటించకపోతే తిన్నారన్నారు. రెండో మాట పడ్డాం. డిసెంబరులో ఎన్నికలు అయిపోయాయి, గెలిచినవాళ్లు గెలిచారు, ఇక ఈ కాగితం వల్ల ఎవరికీ లాభం లేదు.

జమ

ఊళ్లో ఇంటింటి చందా: 1,86,400
గల్ఫ్‌లో ఉన్నవారు పంపినది: 2,41,000
పూర్వ విద్యార్థులు (హైదరాబాద్, ఇతర చోట్ల): 1,35,500
వీడీసీ (గ్రామాభివృద్ధి కమిటీ) ఇచ్చినది: 1,00,000
పాత సామాను వేలం: 38,200
బ్యాంకు వడ్డీ: 2,316
మొత్తం జమ: 7,03,416 రూపాయలు

ఇంటింటి చందాలో యాభై రూపాయల రశీదులే ఎక్కువ. బీడీలు చుట్టే అక్కలు వారం కూలి అందిన రోజు వచ్చి ఇచ్చిపోయారు. వాళ్లలో ఒక్కరు కూడా ఇప్పటిదాకా లెక్క అడగలేదు. అడిగేవాళ్ల సంగతి తర్వాత రాస్తాం.

సర్కారు డబ్బిచ్చాక మళ్లీ చందాలెందుకన్న ప్రశ్నకు ఇక్కడే జవాబు చెప్పాలి. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన సర్కారు బడుల బాగుచేత పథకం ‘మన ఊరు – మన బడి’లో రాష్ట్రంలోని 26,065 బడులకు గాను మొదటి విడతలో తీసుకున్నవి 9,123. పిల్లలు ఎక్కువున్న బడులకే ముందు వంతు. మనది అందులో లేదు, తర్వాతా మన వంతు రాలేదు. 2024లో ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ కింద నల్లా, మరుగుదొడ్ల బాగుచేత, కొంత కరెంటు పని జరిగింది నిజమే. ఆ డబ్బు మా చేతికి రాలేదు, ఆ లెక్క మహిళా సంఘం వాళ్ల దగ్గర ఉంది. ఇక సమగ్ర శిక్ష గ్రాంటు. 58 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25,000. అది హెడ్మాస్టర్ సారు చూసే ఖాతా, చాక్‌పీసులకు, రిజిస్టర్లకు, ఊడ్పుకు సరిపోతే గొప్ప. పంచాయతీని అడుగుదామంటే అప్పటికి 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచే లేడు, అంతా ప్రత్యేకాధికారి పాలనే. గదులు కురుస్తుంటే ఎవరో ఒకరు చేయాలి కదా.

ఖర్చు

స్లాబు పని (వివరం కింద): 2,91,100
ప్లాస్టరింగ్, సున్నం, రంగులు: 92,400
తాండూరు బండలు, పరుపు కూలి: 71,300
ఇనుప తలుపులు, కిటికీలు: 64,000
గోడ బొమ్మలు: 36,000
వైరింగ్, ఆరు ఫ్యాన్లు, లైట్లు: 31,850
ఆకుపచ్చ బోర్డులు: 27,600
పుస్తకాల మూల, ర్యాకులు, చాపలు: 22,750
ర్యాంపు, రెయిలింగ్: 19,400
తాత్కాలిక తరగతుల ఏర్పాటు: 7,640
రశీదు పుస్తకాలు, జిరాక్సు వగైరా: 3,260
మొత్తం ఖర్చు: 6,67,300 రూపాయలు

నిల్వ 36,116. ఇందులో బ్యాంకులో 33,916, కోశాధికారి చేతిలో 2,200. ప్రారంభోత్సవం రోజు టెంటు, చాయ్, శాలువాలు ఈ లెక్కలో లేవు. అవి కమిటీ సభ్యులు తలా ఇంత వేసుకుని పెట్టుకున్నవి. ‘బడి డబ్బుతో శాలువాలు కప్పుకున్నారు’ అన్నవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలని మనవి.

స్లాబు

గొడవంతా దీని మీదే కాబట్టి మొదటి నుంచి చెబుతాం.

ఏప్రిల్‌లో గ్రామసభలో మేం చెప్పిన అంచనా స్లాబు మరమ్మతుకు 85,000. పైన పెచ్చులు తీసి, పగుళ్లలో సిమెంటు పాలు ఎక్కించి, వాటర్ ప్రూఫింగ్ చేస్తే చాలని అప్పటి లెక్క. అయింది 2,91,100. అంటే 2,06,100 ఎక్కువ. ఈ తేడా ఎక్కడికి పోయిందన్నదే ఊళ్లో మాట.

బడికి సెలవులిచ్చాక మేస్త్రీ పైకప్పు లోపలి వైపు సుత్తితో కొట్టి చూశాడు. ప్లాస్టరు అప్పడంలా లేచి వచ్చింది. దాని వెనక చువ్వలు కనిపించాయి. కొన్ని చోట్ల చువ్వ సగానికి సగం తినేసి ఉంది, చేత్తో లాగితే పొడి రాలింది. నలభై ఏళ్ల కిందటి స్లాబు. చువ్వ కింద ఉండాల్సినంత కాంక్రీటు అప్పుడే పడలేదు. పైన వాన నీళ్లు పోయే గొట్టంలో వేపాకు నిండి ఏటా నీళ్లు నిలిచేవి. తుప్పు పట్టిన చువ్వ లావెక్కుతుంది, లావెక్కి చుట్టూ ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. పైన ఎంత పూత పూసినా లోపల తోసేది ఆగదు. పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి చూసి, మరమ్మతు పనికిరాదు, పిల్లలను దీని కింద కూర్చోబెట్టవద్దని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం ఫైల్లో ఉంది. అది చూశాక కూడా 85,000లోనే పని ముగించాల్సింది అన్నవాళ్లు తమ పిల్లలను ఆ గదిలో కూర్చోబెట్టేవారా? వాళ్లలో చాలామంది పిల్లలు ప్రైవేటు బడి వ్యానెక్కి కోరుట్ల పోతారు.

రేకులు వేస్తే తక్కువలో పోయేది కదా అని ఇంకో మాట. పోయేది. మార్చి, ఏప్రిల్ ఎండల్లో రేకుల కింద ఆరేళ్ల పిల్లలు ఎట్లా ఉంటారో, వాన పడితే పంతులమ్మ మాట వెనక వరుసకు ఎట్లా వినిపిస్తుందో చెప్పండి. పైగా రేపు పైన ఒక గది లేపాలంటే రేకుల మీద లేపలేం.

స్లాబు వివరం:
పాతది కూల్చి ఎత్తిపోయడం: 34,000
సిమెంటు 96 బస్తాలు, 365 చొప్పున: 35,040
ఇనుము 870 కిలోలు, 63 చొప్పున: 54,810
ఇసుక 6 ట్రాక్టర్లు, 3,500 చొప్పున: 21,000
20 ఎంఎం కంకర 4 ట్రాక్టర్లు, 4,200 చొప్పున: 16,800
సెంట్రింగ్ (స్లాబు గట్టిపడేదాకా కింద నిలిపే పలకలు, గుంజలు), చువ్వల కట్టుడు, స్లాబు కూలి, 850 చదరపు అడుగులు, 105 చొప్పున: 89,250
సెంట్రింగ్ అదనపు వారం కిరాయి: 6,000
మిక్సర్, లిఫ్టు, డీజిల్: 11,500
నీళ్ల ట్యాంకర్లు: 4,200
పైన వాటర్ ప్రూఫింగ్: 18,500

అదనపు వారం కిరాయి 6,000 చూసి నవ్వుతున్నవాళ్లున్నారు. సెంట్రింగ్ ఏడో రోజు విప్పొచ్చు, మా ఇంటికి అట్లనే విప్పినం అంటున్నారు. చిన్న గదికి విప్పొచ్చు. గోడకూ గోడకూ నాలుగున్నర మీటర్లు దాటితే కింది గుంజలు పద్నాలుగు రోజులు ఉంచాలి. తరగతి గది వెడల్పు అంతకన్నా ఎక్కువ. 6,000 మిగిల్చడానికి పిల్లల నెత్తిన బేరం చేయలేదు.

ఇసుక ట్రాక్టరు కమిటీ సభ్యుడి బావమరిదిది అన్నది నిజం. దాచలేదు, దాచేదీ కాదు. బయట 3,800 చెప్పారు, ఆయన 3,500కు, అదీ రెండు నెలల ఉద్దెరకు పోశాడు. పర్మిటు తహసీల్దార్ ఆఫీసుది. వే బిల్లులు (ఇసుక రవాణా చీటీలు) ఆరు ఉన్నాయి, ఆరూ తారీఖులతో ఉన్నాయి. పర్మిటు చేతికొచ్చేసరికి వానలు పడి వాగు పారింది. పని నెలకు పైగా ఆగింది అక్కడే. జూన్ 12న బడి తెరిచే నాటికి గదులకు కప్పు లేదు. స్లాబు పడింది జూలై ఆఖర్లో. ఆగస్టు ముసురులో ప్లాస్టరు ఆరలేదు, ఆరకుండా రంగు వేస్తే ఏడాదిలో పొరలు లేస్తాయని పెయింటరే చేయి ఆపాడు. కమిటీ నిద్రపోయిందన్న మాట మాత్రం ఒప్పుకోం.

ఆ నాలుగు నెలలు తరగతులు నడపడానికి కుల సంఘం వాళ్లు తమ భవనం కిరాయి లేకుండా ఇచ్చారు. రెండు పెళ్లి బుకింగులు వదులుకున్నారు. వాళ్లకు మేం కట్టింది కరెంటు బిల్లు మాత్రమే, 2,140. టార్పాలిన్లు, శుభ్రం చేయించడం 5,500. మధ్యాహ్న భోజనం వండే అక్కలు బడి దగ్గర వండి గిన్నెలు అక్కడికి మోసుకొచ్చారు. అందుకు వాళ్లడిగింది ఏమీ లేదు, మేమిచ్చిందీ లేదు. ఇది రాయకపోతే పాపం.

ఇక పాత ఇనుము. ‘రెండు టన్నుల ఇనుము అమ్ముకున్నారు’ అని చాయ్ హోటల్ దగ్గర ఇప్పటికీ అంటున్నారు. కొత్త స్లాబుకు, అదీ ఐదు అంగుళాల దానికి, పట్టిన ఇనుమే 870 కిలోలు. నాలుగు అంగుళాల పాత స్లాబులో, తుప్పు తినగా మిగిలింది రెండు టన్నులు ఎట్లా అవుతుంది? కాంటా చీటీ ప్రకారం 610 కిలోలు, కిలో 32, మొత్తం 19,520. పాత తలుపులు, కిటికీలు 11,180. విరిగిన బెంచీల ఇనుము 7,500. బడి సామాను సర్కారు ఆస్తి కాబట్టి ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి అనుమతి తీసుకుని, డప్పు చాటింపు వేయించి, బడి ముందరే వేలం పెట్టాం. ఆ రోజు వచ్చినవాళ్లు తొమ్మిది మంది. మాట్లాడేవాళ్లు రాలేదు.

కూల్చిన కాంక్రీటు పెళ్లల్లో నాలుగు ట్రాక్టర్లు కమిటీ చైర్మన్ పొలం బాటకు పోయాయన్నది మరో ఆరోపణ. ఆ బాట ఆయన ఒక్కడిది కాదు, పద్నాలుగు కుటుంబాలు నడిచేది. గుంతల్లో పోయకపోతే ఇంకెక్కడికో మోయించి దానికీ కిరాయి కట్టేవాళ్లం. మిగతాదంతా బడి వెనక గుంతలో నింపాం, పిల్లలకు ఆడుకోవడానికి ఆ మేర జాగా పెరిగింది.

బొమ్మలు, బోర్డులు

‘గోడ మీద బొమ్మలకు 36 వేలా’ అన్న మాట కూడా వచ్చింది. అవి అలంకారానికి వేసినవి కావు. బాలా పద్ధతి అంటారు, కట్టడమే పాఠం చెప్పేట్టు. తలుపు తెరిచే చోట నేల మీద కోణాలు గీశారు, తలుపు తీస్తుంటే ముప్పై, అరవై, తొంభై డిగ్రీలు కనిపిస్తాయి. వరండా పొడుగునా వంద దాకా సంఖ్యారేఖ ఉంది. కిటికీ చువ్వలు అక్షరాల వంపుల్లో వంచి పెట్టించాం, ఒకటో తరగతి పిల్లలు వేలితో తడుముతూ రాత నేర్చుకుంటారు (ఆ వంపుల కూలి 64,000లోనే ఉంది). స్తంభం మీద ఎత్తు కొలత. ఇవి చెప్పినవారు పంతులమ్మ, గీసినవాడు జగిత్యాల నుంచి వచ్చిన పెయింటరు, పదిహేను రోజులు బడిలోనే పడుకున్నాడు.

పిల్లల ఎత్తున నాలుగు వైపులా కింది బోర్డులు ఎందుకు, బెంచీలు కొనక చాపలెందుకు అంటే, చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పడానికి 2022 నుంచి సర్కారు బడుల్లో నడుస్తున్న తొలిమెట్టు కార్యక్రమంలో పిల్లలను తరగతిని బట్టి కాదు, చదవగలిగే స్థాయిని బట్టి గుంపులు చేసి కూర్చోబెడతారు. గుంపులు మారుతుంటాయి. బెంచీలు గది నిండా ఉంటే అటూ ఇటూ జరపలేరు. నాలుగు, ఐదు తరగతులకు ఉన్న బెంచీలనే బాగు చేయించాం. చాపల మీద కూర్చుంటే సర్కారు బడి అనిపిస్తుందని ఒకరన్నారు. సర్కారు బడే కదా.

రానివి

మైకు పట్టుకుని ప్రకటించినవారిలో గల్ఫ్ వైపు నుంచి 3,05,000కు 2,41,000 వచ్చింది, 64,000 రావాలి. పూర్వ విద్యార్థులు చెప్పింది 1,85,500, ఇచ్చింది 1,35,500, ఇంకా 50,000. మొత్తం 1,14,000. పేర్లు వేయడం లేదు. దుబాయ్‌లో కంపెనీ జీతాలు ఆగినవాళ్లున్నారు, వాళ్లను అడగం, అడిగినా తప్పే. కానీ ప్రకటించిన రోజే ఫ్లెక్సీలో ఫొటో చిన్నగా వచ్చిందని తగువు పెట్టుకున్నవాళ్లు కూడా ఈ జాబితాలో ఉన్నారు. ఇంకొకరు గది మీద తండ్రి పేరు చెక్కిస్తే మిగతాది ఇస్తామన్నారు. యాభై రూపాయలిచ్చినవాళ్ల పేర్లు చెక్కలేం కాబట్టి ఎవరి పేరూ చెక్కడం లేదని గ్రామసభలోనే తీర్మానమైంది.

వెనక వైపు ప్రహరీ గోడ తొంభై అడుగులు మిగిలింది. మేస్త్రీ చెప్పిన అంచనా 1,20,000. చేతిలో ఉన్నది 36,116. రావాల్సింది వస్తే గోడ లేస్తుంది, కొత్త చందా అడగం. రాకపోతే వేసవిలో మళ్లీ గ్రామసభ పెట్టాల్సి వస్తుంది. అప్పటిదాకా అక్కడ ముళ్లకంప వేయించాం.

బిల్లులు, వే బిల్లులు, కాంటా చీటీ, ఏఈ గారి కాగితం, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ హెడ్మాస్టర్ సారు గది బీరువాలో ఉన్నాయి. ఆదివారాలు పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా కోశాధికారి అక్కడే కూర్చుంటాడు, ఎవరైనా చూడొచ్చు, ఫొటో తీసుకోవచ్చు. బిల్లుల మీద ప్రశ్నలుంటే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి, జవాబూ అట్లాగే సంతకంతో ఇస్తాం. బాకీ ఉన్నవారు బడి అభివృద్ధి ఖాతాకే వేయండి. సభ్యుల ఫోన్లకు వేసినవి ఇకమీదట తిప్పి పంపేస్తాం.

ఇట్లు,
బడి అభివృద్ధి కమిటీ