ముందు భాగం ఆడాలా వద్దా, పరిచయంలోనే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పత్రికల్లో వచ్చే కొత్త వీడియో గేమ్‌ల పరిచయాల్లో గ్రాఫిక్స్ గురించి, ధర గురించి ఉంటోంది. కొనేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్నకు మాత్రం జవాబు దొరకడం లేదు: ముందు భాగం ఆడకుండా ఇది అర్థమవుతుందా?

పేరు పక్కనున్న అంకెతో ఈ సంగతి తేలదు. ఫైనల్ ఫాంటసీ 7 ఆడటానికి ఆరోది అక్కర్లేదు, కథలే వేరు. జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) 5కి కూడా నాలుగోది ఆడి ఉండాల్సిన పనిలేదు. 2022లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్‌కు మాత్రం 2018 నాటి గేమ్ ఆడి తీరాలి, తండ్రీకొడుకుల కథ అక్కడే మొదలవుతుంది. అంతకుముందు వచ్చిన గ్రీకు కథల గేమ్‌లు లేకపోయినా నడుస్తుంది.

మూడు భాగాల అంతరిక్ష కథ మాస్ ఎఫెక్ట్ దగ్గర మాత్రం తొందర పడకూడదు. అందులో మన నిర్ణయాలు సేవ్ ఫైల్‌తో (మన ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే ఫైల్) పాటు తర్వాతి భాగంలోకి వెళ్తాయి. మొదటి గేమ్‌లో, విర్మైర్ గ్రహపు ఒడ్డున, మన జట్టులోని రెక్స్ మన మీదికే తుపాకీ ఎత్తుతాడు. నచ్చజెప్పగలిగితే బతుకుతాడు. అందుకు ఛార్మ్ (మాటలతో ఒప్పించడం) లేదా ఇంటిమిడేట్ (బెదిరించడం) అనే నైపుణ్యాల్లో ముందే తగినన్ని పాయింట్లు పెట్టి ఉండాలి, లేదంటే అతని వంశపు కవచాన్ని వెతికి తెచ్చి ఇచ్చి ఉండాలి. అలా బతికిన రెక్స్ మూడో భాగంలో తన జాతివాళ్లైన క్రోగన్ల నాయకుడిగా ఎదురొస్తాడు. సేవ్ ఫైల్ లేకుండా, పాత నిర్ణయాలు ఎంచుకునే చిన్న చిత్రకథను కూడా దాటేసి రెండో భాగం మొదలుపెడితే, అతను చనిపోయినట్టే గేమ్ లెక్కేసుకుంటుంది. అతని స్థానంలో రీవ్ అనే మరో క్రోగన్ ఉంటాడు. సన్నివేశాలు అవే నడుస్తాయి, పాత స్నేహితుడు ఎదురుగా ఉన్నప్పటి బరువు మాత్రం రాదు.

చాలామంది పొరపాటు చేసేది సేవ్ దగ్గరే. చివరి పోరాటానికి ముందరి సేవ్ పనికిరాదు. కథ పూర్తయ్యాక పడిన సేవ్‌నే రెండో భాగం తీసుకుంటుంది, దాన్ని చెరిపేయకండి. 2021 నాటి మాస్ ఎఫెక్ట్ లెజెండరీ ఎడిషన్‌లో మూడు భాగాలూ ఉన్నాయి గానీ దానికి 120 జీబీ జాగా కావాలి. రోజుకు 2 జీబీ మొబైల్ ప్యాక్‌తో దించుకుంటే రెండు నెలలు పడుతుంది.

అంత తీరిక లేనివాళ్లకు ద విచర్ 3 ఒక వెసులుబాటు ఇచ్చింది. కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు రెండో భాగపు సేవ్‌ను అనుకరించాలా అని అడుగుతుంది. అవునంటే, విజిమా కోటలో కథానాయకుడు గెరాల్ట్‌కు గడ్డం గీస్తుండగా మోర్వ్రన్ వోర్హిస్ అనే సేనాని పాత సంగతులు అడుగుతాడు. రెండో భాగంలో ఎదురైన హంతకుడు లేథోను వదిలేశానని చెప్పాలి. చంపానంటే వెలెన్ ప్రాంతంలో అతనితో నడిచే ఘట్టం రాదు, తర్వాత కేర్ మోర్హెన్ కోట దగ్గరి పోరులో తోడుకూ రాడు. కొత్తగా ఆడేవాళ్లకు ఆ పేరే తెలియదు కాబట్టి తోచింది నొక్కేస్తారు. పరిచయం రాసేవారు ఈ ఒక్క ముక్క చెప్పినా చాలా మేలు.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 తీరు ఇంకోలా ఉంటుంది. 2018లో వచ్చినా దాని కథ 1899 నాటిది, 2010లో వచ్చిన మొదటిదాని కథ 1911 నాటిది. రెండోదే ముందు ఆడినా కథ చెడదు. కాకపోతే ఆ తర్వాత మొదటిదానికి వెళ్తే గుర్రపు స్వారీ, గురిపెట్టడం పాతకాలపువిగా అనిపిస్తాయి.

ప్రతి పరిచయం చివర రెండు వాక్యాలకు చోటివ్వండి: ముందు భాగం నుంచి ఈ గేమ్‌లోకి ఏం వస్తుంది, సేవ్ ఫైలా, కథా, ఉత్త పేరేనా? ఆడకపోతే ఏ సన్నివేశం పోతుంది?

– ఓ పాఠకుడు, హనుమకొండ